చక్ పట్టుకుని ఒకసారి ఊపి చూడండి

రాణీగంజ్. పొద్దున పదకొండు. ట్యాంక్‌బండ్ వైపు నుంచి వచ్చి సందులోకి తిరిగారు. రెండు పక్కలా గొలుసులు, పైపులు, మోటార్లు, బోల్టుల బస్తాలు. గ్రీజు వాసన. మీ జేబులో 13 వేలు ఉన్నాయి. చేతి సంచిలో నాలుగు వస్తువులు: కొత్త 10 మి.మీ. డ్రిల్ బిట్టు, అడుగు పొడవు 6 మి.మీ. మందం ఉన్న ఇనప పట్టీ, కళ్లకు పెట్టుకునే ప్లాస్టిక్ అద్దాలు, ఒక పాత సైకిల్ పుల్ల. పుల్ల ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న పనిబల్ల వేసుకున్నారు. ఇన్నాళ్లూ చేతి డ్రిల్లుతో నెట్టుకొచ్చారు. నాలుగు కన్నాలు వేస్తే నాలుగూ నాలుగు దిక్కులకు వాలుతున్నాయి. బల్ల మీద బిగించుకునే డ్రిల్లింగ్ మెషిన్ కావాలి. 13 వేలు దాటకూడదు.

దుకాణంలో అడుగు పెట్టగానే కుర్రాడు ఎదురొస్తాడు.

"ఇది తీస్కోండ్రి. కొత్త మాల్. లేజర్ లైటు గూడ ఉంది."

ఎర్రగా మెరుస్తోంది. ముందు వైపు పచ్చ బటన్, ఎర్ర బటన్. చైనా సరుకు. అన్నీ కలిపి 7,200 అంటున్నాడు. జేబులో ఇంకా ఐదు వేల ఎనిమిదొందలు మిగులుతాయి. చెయ్యి జేబు వైపు వెళ్తోంది. ఆగండి. ముందు దాన్ని ఎత్తి చూడండి.

లేచింది. ఒక్కరే ఎత్తగలిగారు. పదహారు కిలోలు, అంతే. వెనక నిలువు స్తంభాన్ని గుప్పిట పట్టండి. బొటనవేలూ మధ్యవేలూ దాదాపు కలుసుకుంటున్నాయి. ఈ సన్నటి గొట్టమే పైనున్న మోటారునూ కిందున్న టేబులునూ ఒక వరసలో నిలబెట్టాలి. గుర్తు పెట్టుకోండి, దీనితో తర్వాత పని పడుతుంది.

ఇప్పుడు ప్లగ్గు పీకించండి. పక్కనున్న లివర్ తిప్పితే బిట్టును పట్టి ఉంచే చక్ కిందికి దిగుతుంది. సగం దాకా దించి, అక్కడే ఆపి, రెండో చేత్తో చక్‌ను పట్టుకుని ముందుకూ వెనక్కీ ఊపండి.

టక్. టక్.

చేతికి తెలుస్తోంది కదా? చక్‌ను మోసుకుంటూ కిందికి దిగే ఆ లావుపాటి గొట్టాన్ని క్విల్ అంటారు. అది తన గూటిలో వదులుగా ఉంది. ఇంకాస్త కిందికి దించి ఊపండి. చప్పుడు పెద్దదైంది. లోతు కన్నం వేసే కొద్దీ బిట్టు పక్కకు తప్పుతుందన్నమాట. బెల్టు మార్చుకోవచ్చు, మోటారు మార్చుకోవచ్చు, చక్ మార్చుకోవచ్చు. గూడు అరిగినా, మొదట్లోనే వదులుగా తొలిచినా ఇంట్లో మీరు చెయ్యగలిగింది చాలా తక్కువ. లేజర్ గీత ఎంత సన్నగా పడినా ఊగే బిట్టు దాన్ని పట్టించుకోదు.

సైకిల్ పుల్ల తియ్యండి. ఎల్ ఆకారంలో వంచి, ఒక కొస చక్‌లో బిగించండి. రెండో కొస టేబులుకు కాగితం మందం ఎడంలో ఉండేలా క్విల్ దించి ఆపండి. చక్‌ను చేత్తోనే మెల్లగా తిప్పండి. ఎడమ పక్క కాగితం దూరుతోంది. కుడి పక్కా అంతే. ముందు వైపుకు వచ్చేసరికి ఎడం పెరిగింది. అంటే టేబులు మీ వైపు కిందికి వాలి ఉంది. ఎడమ కుడి వాలును కింది బోల్టు వదులు చేసి సరిచేసుకోవచ్చు. ముందు వెనకల వాలుకు బోల్టు ఉండదు. ఇప్పుడు టేబులు ముందంచు మీద అరచేత్తో నొక్కండి. మీ కళ్ల ముందే ఎడం రెట్టింపవుతోంది. కన్నం వేసేటప్పుడూ ఇలాగే నొక్కుతారు మరి.

"ఇంకోటి చూపించు తమ్మీ."

లోపల మూలన గోనెపట్టా కింద ఉంది. బూడిదరంగు పోత ఇనుము. రాజ్‌కోట్ సరుకు అంటున్నాడు. రంగు అక్కడక్కడా కారి ఎండిపోయింది. లైటు లేదు, లోతు చూపే స్కేలు లేదు. ఎత్తబోతారు. లేవదు. స్తంభం చుట్టూ మీ వేళ్లు కలవడం లేదు. క్విల్ పూర్తిగా దించి ఊపండి. చప్పుడు లేదు. గట్టిగా ఊపండి. మెషిన్ మొత్తం కదులుతోంది కానీ చక్ దగ్గర మాత్రం వదులు లేదు.

ధర? "ఎనిమిది వేల ఎనమన్నూరు. జీఎస్టీ అలగ్." మోటారు కలిపేనా అని తప్పకుండా అడగండి. మన దేశంలో చేసే మెషిన్లకు చాలాసార్లు మోటారు లేకుండానే ధర చెబుతారు. కలిపేనట. సగం హెచ్‌పీ, సింగిల్ ఫేజ్, 1440 స్పీడు. పద్దెనిమిది శాతం పన్ను వేస్తే 10,384. మీకు 2,616 మిగులుతాయి. ఆ రెండు వేల చిల్లర చాలా ముఖ్యం. దాన్ని ఇంకే ఆకర్షణకూ ఖర్చు పెట్టనివ్వకండి.

బిట్టు బిగించి చేత్తో తిప్పి చూస్తారు. అయ్యో. బిట్టు మొన చిన్న సున్నా చుడుతోంది. ఇదీ వంకరేనా? తొందరపడి పక్కన పెట్టకండి. క్విల్ దించితే పక్కన నిలువుగా పొడవాటి కన్నం కనిపిస్తుంది. అందులోకి ఏటవాలు ఇనప ముక్క దూర్చి సుత్తితో చిన్న దెబ్బ వేస్తే చక్ ఊడి చేతిలోకొస్తుంది. దాని తోక కిందికి లావు, పైకి సన్నం. 1860ల్లో స్టీఫెన్ మోర్స్ అనే అమెరికన్ తెచ్చిన ఏర్పాటిది. బోల్టూ లేదు, మరా లేదు. ఏటవాలు ఏటవాలులో బిగుసుకుంటుంది, అంతే. అందుకే మధ్యలో చిన్న మురికి ఉన్నా చక్ మొత్తం పక్కకు వాలుతుంది. చూడండి, తోక నిండా ఫ్యాక్టరీలో పూసిన గ్రీజు, అందులో ఒక ఇనప రజను. గుడ్డతో తోకనీ, వేలికి గుడ్డ చుట్టి గూటినీ తుడవండి. తిరిగి పైకి గట్టిగా తొయ్యండి. తిప్పండి.

మొన ఒక్క చోటే నిలబడింది.

పుల్ల పరీక్ష కూడా ఇక్కడ నెగ్గింది. టేబులు మీద నొక్కితే ఎడం పెరిగిందో లేదో కంటికి ఆనడం లేదు. ఇంటి పనికి మెషిన్ అంటే ఇలా ఉండాలని నా గట్టి నమ్మకం. రంగు ఎలాగైనా పోతుంది, బరువు ఎటూ పోదు.

"నడిపించి చూస్తా. పట్టీ బిగించడానికి వైస్ ఉందా?"

"వైస్ ఎందుకు? చేతితోని పట్టుకుంటే అయిపోతది."

పైమూత తెరవండి. నాలుగు మెట్ల పుల్లీలు రెండు, మధ్యలో బెల్టు. మూత లోపల స్టిక్కరు మీద నిమిషానికి చుట్లు: 480, 920, 1750, 2800. బెల్టు ఇప్పుడు 1750 మీద ఉంది. మామూలు ఇనుముకు 8000ని బిట్టు మి.మీ.తో భాగించండి. మీ 10 మి.మీ. బిట్టుకు 800 వస్తుంది. 1750లో వేస్తే అంచులు కాలి బిట్టు మొద్దుబారుతుంది. పక్కన 920 ఉంది, దానికి మార్చండి. అన్నట్టు, స్పీడులు పదహారున్నాయా నాలుగున్నాయా అన్నది కాదు, అన్నిటికన్నా తక్కువ ఎంతో చూడండి. 13 మి.మీ. బిట్టుకు 600 చాలు. కనీస వేగమే 1400 ఉన్న మెషిన్‌తో ఆ పని చెయ్యలేరు.

కుర్రాడు చేతి గ్లౌజులు అందిస్తున్నాడు. వద్దు. తిరిగే బిట్టు దగ్గర గ్లౌజు వేసుకోకూడదు. గుడ్డ కొస చుట్టుకుంటే వేలినీ లాక్కుపోతుంది. చొక్కా చేతులు మడవండి. గడియారం తియ్యండి. జుట్టు పొడవైతే ముడి వెయ్యండి, చున్నీ ఉంటే తీసి పక్కన పెట్టండి. కళ్లద్దాలు పెట్టుకోండి. చక్ తాళం చక్‌లో లేదు కదా? చూసుకోండి. అది అక్కడే ఉండి స్విచ్ వేస్తే తూటాలా ఎగిరొస్తుంది.

పట్టీకి ఒక కొసన పంచ్ కొట్టి ఉంది. "నేను పట్టుకుంటా, మీరు దించుండ్రి" అని కుర్రాడు కుడి పక్కన నిలబడ్డాడు. పట్టీ పొడుగు కొస అతని చేతిలో. వద్దనాలా? వైస్ వచ్చేదాకా ఆగాలా? దుకాణంలో జనం. వెనక ఇంకొకాయన తొందరపడుతున్నాడు. కుర్రాడు గోడ దగ్గరికి వెళ్లి స్విచ్ వేసి వచ్చాడు.

మోటారు మెత్తగా మూలుగుతోంది. లివర్ లాగండి. మొన పంచ్ గుంటలో కూర్చుంది. ముందు బూడిదరంగు పొడి. ఆపైన రెండు పక్కలా రింగులు తిరిగిన రజను. చేతికి బరువు తెలుస్తోంది. ఇంకా నొక్కుతున్నారు. రెండు మి.మీ. నాలుగు. రజను వేడి వాసన.

అడుగున ఇనుము పలచబడింది.

చప్పుడు మారింది.

మొన అవతలికి దూరింది. ఒక్కసారిగా ఎదురు లేదు. మీ చెయ్యి ఇంకా నొక్కుతూనే ఉంది. బిట్టు ముందుకు దూకింది.

పట్టింది.

పట్టీ లేచింది. కుర్రాడి వేళ్లలోంచి ఊడింది. తిరుగుతోంది. మీ వైపు. పొట్ట ఎత్తులో.

పట్టుకోవాలా?

వద్దు.

వెనక్కి. ఒక్క అడుగు. ఇప్పుడే.

గాలి చొక్కాకు తగిలింది. ఇనప కొస ముందు నుంచి పోయింది. ధన్. స్తంభానికి కొట్టుకుంది. బెల్టు కీచుమంటోంది. రబ్బరు వాసన. స్విచ్ ఎక్కడ? గోడ మీద. పట్టీకి అవతల. చెయ్యి చాపకండి. కదలకండి.

"బంద్ చెయ్!"

కుర్రాడు గోడ వైపు ఉరికాడు. టప్. మోటారు ఆగింది.

మీ చేతులు చూసుకోండి. పది వేళ్లూ ఉన్నాయి. అతని వేళ్లు చూడండి. అరచేతిలో ఎర్రటి గీత, అంతే.

ఆ ఒక్క క్షణంలో ఏం జరిగింది? బిట్టు మొన కొయ్యదు, ఇనుమును నలుపుతుంది. మీ బలంలో పెద్ద భాగం దాన్ని దించడానికే పోతోంది. మొన అవతలికి దూరగానే ఆ అడ్డు పోయింది. ఒత్తిడికి వంగి ఉన్న టేబులు, స్తంభం వెనక్కి నిక్కాయి. బిట్టు ఒక్క దూకులో మందంగా కొరికింది. కన్నం అంచు మర ఎక్కినట్టు బిట్టు మీదికి ఎక్కింది. 920 వేగంలో, బిట్టుకు పాతిక సెంటీమీటర్ల దూరంలో ఉన్న కొస గంటకు 87 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. అదే ఎర్ర మెషిన్ అయితే ఇంకా ఎక్కువ వంగి, ఇంకా పెద్దగా దూకేది.

పట్టీ కుడి పక్కన ఉంది కనకనే మీ మీదికొచ్చింది. పైనుంచి చూస్తే బిట్టు గడియారం ముల్లు దిశలోనే తిరుగుతుంది. పొడుగు కొసను ఎడమకు పెట్టి, స్తంభం ఎడమ పక్కకు ఆనించి ఉంటే తిరగబోయినా స్తంభమే ఆపేది. ఇది ఏ లేజర్ కన్నా విలువైన సంగతి, ఖర్చు లేనిది.

ఇక తేల్చుకోండి. ఎర్రదానికి స్విచ్ ముందే ఉంది, ఒళ్లు బలహీనం. బూడిదరంగుదానికి ఒళ్లు గట్టిది, స్విచ్ గోడ మీద. ఒంటిని డబ్బు పెట్టి సరిచెయ్యలేరు. స్విచ్‌ను సరిచెయ్యొచ్చు.

పక్క వరసలో ఎలక్ట్రికల్ దుకాణం ఉంది. సింగిల్ ఫేజ్ డీవోఎల్ స్టార్టర్ అడగండి. పొలంలో మోటారుకు పెట్టేలాంటిదే. పచ్చ నొక్కితే నడుస్తుంది, ఎర్ర నొక్కితే ఆగుతుంది. అంతకన్నా పెద్ద లాభం ఒకటుంది. కరెంటు పోయిందనుకోండి. మీరు బిట్టు మారుస్తూ చక్ మీద చెయ్యి పెట్టారు. కరెంటు వచ్చింది. గోడ స్విచ్ వేసే ఉంటే మెషిన్ దానంతట అదే తిరుగుతుంది. స్టార్టర్ ఉంటే మళ్లీ పచ్చ నొక్కేదాకా కదలదు. దీన్ని మెషిన్ ముందు, ఎడమ చేతికి అందే చోట బిగించండి. కుడి చెయ్యి లివర్ మీద ఉంటుంది కదా.

తిరిగొచ్చి సేట్‌ను నాలుగు అంగుళాల డ్రిల్ వైస్ అడగండి. దుమ్ము దులిపి తీస్తాడు. దాని రెండు చెవులకూ బోల్టులు వేసి టేబులు గాడుల్లో బిగించండి. పట్టీని వైస్‌లో పెట్టండి. కింద చెక్క ముక్క పెడితే బిట్టు వైస్ అడుగును కొరకదు. బెల్టు ఈసారి 480కి మార్చండి. నెమ్మదిగా కోస్తే ఆలస్యమే తప్ప నష్టం లేదు.

కుర్రాణ్ణి స్విచ్ దగ్గరే నిలబడమనండి. లివర్ లాగండి. రెండు చుక్కలు నూనె. రజను పొడవుగా చుట్టలు కడుతోంది. చప్పుడు మారబోతోంది. అదిగో. చెయ్యి తేలిక చెయ్యండి. ఇంకా తేలిక. మొన అవతలికి వచ్చింది. వైస్ ఒక్కసారి టక్కుమని నిలబడింది. బిట్టు చెక్కలోకి దిగింది.

పట్టీ తీసి మీ బిట్టు వెనక కొసను కన్నంలో దూర్చండి. వదులు లేదు, బిగుతూ లేదు. గుండ్రంగా, నిటారుగా నిలబడింది.

"వైస్‌కు ఎంత?"

"తొమ్మిదొందలు."

"బిట్ల డబ్బా ఒకటి వేసి తొమ్మిదొందలు తీస్కో."

సేట్ ఒప్పుకుంటాడు. బిల్లు మీద మోటారు నంబరు రాయించండి, మోటారు గ్యారంటీ ఎన్నాళ్లో అది కూడా. బండి ఎక్కించే ముందు టేబులును అడుగుదాకా దించి బిగించమనండి. టేబులును పట్టుకోకుండా బోల్టు వదులు చేస్తే అది జారి వేళ్ల మీద పడుతుంది, కుర్రాడికి ముందే చెప్పండి. మెషిన్‌ను నిలబెట్టి తీసుకెళ్లొద్దు. బరువంతా పైనే ఉంటుంది, మొదటి మలుపులోనే బోల్తా పడుతుంది. పడుకోబెట్టి, రెండు తాళ్లు వేసి కట్టించండి. ఇంటి బల్లకు అడుగున నాలుగు కన్నాలు వెయ్యాలి, 12 మి.మీ. బోల్టులు నాలుగు, వాషర్లు ఎనిమిది ఇక్కడే కొనేయండి.