గిటారు వాదనం

గిటారు మెట్లు గల తంత్రీ వాద్యం. దీనికి సాధారణంగా ఆరు తీగలుంటాయి. నేటి సంప్రదాయ గిటారు ఆకృతిని 19వ శతాబ్దంలో స్పెయిన్ దేశపు వాద్య నిర్మాత ఆంటోనియో డి టోర్రెస్ తీర్చిదిద్దాడు. హైదరాబాదు పాతబస్తీలో వినిపించే ఖవ్వాలీకి ముఖ్య వాద్యం హార్మోనియం. హార్మోనియంలో వలెనే గిటారులో కూడా ఒక స్థాయికి పన్నెండు స్వరస్థానాలుంటాయి. అందుచేత సరిగమలు అభ్యసించినవారు ఆ జ్ఞానాన్ని విడిచిపెట్టకుండానే గిటారు నేర్చుకోవచ్చు. వాదన విధానం, స్వరశాస్త్రం, నాదగుణాల గురించి విద్యార్థులకు తరచుగా కలిగే సందేహాలకు సమాధానాలు ఈ వ్యాసంలో ఉన్నాయి.

శ్రుతి చేయడం

లావు తీగ నుండి సన్నని తీగ వరకు స్వరాలు వరుసగా ఇ, ఎ, డి, జి, బి, ఇ. అన్నిటికంటె సన్నని తీగను ఒకటవ తీగగా లెక్కిస్తారు. ఐదవ తీగ పౌనఃపున్యం 110 హెర్ట్‌జ్. ఏ తీగనైనా 5వ మెట్టు వద్ద నొక్కితే దాని తరువాతి సన్నని తీగ స్వరం పలుకుతుంది. మూడవ తీగను మాత్రం 4వ మెట్టు వద్ద నొక్కాలి.

స్వరస్థానాలు

నొక్కని తీగను షడ్జంగా తీసుకుంటే మెట్ల వరుస ఇలా ఉంటుంది: 1 శుద్ధ రిషభం, 2 చతుశ్శ్రుతి రిషభం, 3 సాధారణ గాంధారం, 4 అంతర గాంధారం, 5 శుద్ధ మధ్యమం, 6 ప్రతి మధ్యమం, 7 పంచమం, 8 శుద్ధ ధైవతం, 9 చతుశ్శ్రుతి ధైవతం, 10 కైశికి నిషాదం, 11 కాకలి నిషాదం, 12 తారషడ్జం. పన్నెండవ మెట్టు తీగ పొడవులో సరిగ్గా సగం వద్ద ఉంటుంది. తీగ పొడవు 650 మిల్లీమీటర్లయితే ఇది 325 మిల్లీమీటర్ల వద్ద వస్తుంది.

శ్రుతి చేసినా అపస్వరం ఎందుకు వినిపిస్తుంది?

గిటారు మెట్లు స్థాయిని పన్నెండు సమభాగాలుగా విభజిస్తాయి. ఒక్కొక్క భాగంలో నూరవ వంతును సెంటు అంటారు. షడ్జంతో 5:4 నిష్పత్తిలో ఉండే సహజమైన అంతర గాంధారం 386 సెంట్ల వద్ద ఉండగా, గిటారు మెట్టు 400 సెంట్ల వద్ద ఉంటుంది. పంచమంలో తేడా 2 సెంట్లు మాత్రమే. కాబట్టి ఒక కార్డు చెవికి ఇంపుగా వినిపించేవరకు తీగలను సవరిస్తే మరొక కార్డు చెడుతుంది. ఒక్కొక్క తీగను విడిగా శ్రుతి చేయడమే సరైన పద్ధతి.

కార్డులు, రాగాలు

కొన్ని స్వరాలను కలిపి పలికించడమే కార్డు. షడ్జం, అంతర గాంధారం, పంచమం కలిస్తే మేజర్ కార్డు. అంతర గాంధారానికి బదులు సాధారణ గాంధారం చేరితే మైనర్ కార్డు. సి షడ్జంగా మోహన రాగం వాయిస్తే సి మేజర్, ఎ మైనర్ కార్డులలోని స్వరాలన్నీ రాగంలోనివే. ఎఫ్ మేజర్ వాయిస్తే మోహనలో లేని శుద్ధ మధ్యమం ప్రవేశించి రాగం చెడుతుంది. కార్డుల ఆకారాలను మాత్రమే కంఠస్థం చేసినవారికి ఈ దోషం తెలియదు. ప్రతి కార్డులోని స్వరాలను తెలుసుకోవడం అవసరం.

హార్మోనియం వాదకులు సి డియేజ్ శ్రుతిని కాలీ ఏక్ అనీ, డి డియేజ్ శ్రుతిని కాలీ దో అనీ అంటారు. గాయకుని శ్రుతి కాలీ ఏక్ అయితే 1వ మెట్టు వద్ద, కాలీ దో అయితే 3వ మెట్టు వద్ద కేపో అనే బిగింపును అమర్చి సి కార్డుల ఆకారాలనే వాయించవచ్చు.

గిటారుపై గమకాలు సాధ్యమా?

సాధ్యమే. ఒక మెట్టు నుండి మరొక మెట్టుకు వేలిని జార్చడం జారును పోలి ఉంటుంది. తీగను పక్కకు లాగితే స్వరం పెరుగుతుందే గాని తగ్గదు. అందువలన దిగువ మెట్టుపై నొక్కి పై స్వరానికి లాగి, మరల విడవాలి. వీణ మెట్లు ఎత్తుగా ఉండటం చేత లాగడానికి ఎక్కువ వీలుంటుంది. గిటారుపై పలుచని ఉక్కు తీగలు ఇందుకు అనుకూలం, నైలాన్ తీగలపై కష్టం. 1970వ దశకంలో శక్తి బృందపు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ మెట్ల మధ్య చెక్కను గుల్లగా చెక్కించిన గిటారును వాడాడు. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) మెట్లున్న విద్యుత్ మాండొలిన్‌పై కర్ణాటక గమకాలను పలికించి, గమకానికి మెట్లు అడ్డుకావని నిరూపించాడు. అతనికి 1998లో పద్మశ్రీ లభించింది. తరువాత రిమెంబర్ శక్తి బృందంలో మెక్‌లాఫ్లిన్‌తో కలిసి వాయించాడు.

నాదగుణం

తీగను బ్రిడ్జి దగ్గర మీటితే నాదం పదునుగా, మెట్ల పలక వైపు మీటితే మృదువుగా ఉంటుంది. వేలిని మెట్టుకు దూరంగా ఉంచితే తీగ జీరగా మోగుతుంది. మెట్టుకు ఆనుకొని దాని వెనుకనే నొక్కితే తక్కువ బలంతోనే స్పష్టమైన స్వరం వస్తుంది, వేళ్ళ నొప్పి కూడా తగ్గుతుంది. విద్యుత్ గిటారులో ఒకే తీగచుట్ట గల పికప్ చుట్టుపక్కల విద్యుత్ తీగల రొదను కూడా గ్రహిస్తుంది. ఎదురెదురుగా కలిపిన రెండు చుట్టలతో ఆ రొదను తొలగించే హంబకర్‌ను గిబ్సన్ సంస్థలో సెత్ లవర్ 1955లో రూపొందించాడు.

సంరక్షణ

చెక్క గిటారుకు 45 నుండి 55 శాతం గాలి తేమ అనుకూలం. హైదరాబాదు వేసవిలో పొడిగాలికి చెక్క కుంచించుకొని పగుళ్ళు రావచ్చు. వర్షాకాలంలో ఉబ్బి తీగల ఎత్తు మారవచ్చు. వాద్యాన్ని పెట్టెలో ఉంచి, ఎండ తగలకుండా చూడాలి. ఋతువు మారినప్పుడు తీగల ఎత్తును సరిచూసుకోవాలి.