నడిగడ్డ అంబలి, జున్ను
కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్నందున నడిగడ్డగా పేరుపడిన గద్వాల సీమలోనూ, పొరుగున ఉన్న వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల్లోనూ సంస్థానాల కాలం నుంచి మెట్టపొలాల్లో జొన్న విస్తారంగా పండినందున, సామాన్యుల ఇళ్లలో మెత్తని వంటకాల్లో జొన్న అంబలిదే మొదటి స్థానం. పిండిని ముందుగా చన్నీళ్లలో కలిపి, మరిగే ఎసట్లో సన్నని ధారగా పోస్తూ తెడ్డుతో ఆపకుండా తిప్పితే, రేణువులు విడివిడిగా ఉబ్బి, అంబలి ఉండ కట్టకుండా చిక్కబడుతుంది. చల్లారాక అందులో మజ్జిగ కలుపుతారు.

అంబలి సామాన్యుల ఇంటి వంటకమైతే, పాడి ఉన్న ఇంటి తీపి జున్ను. ఈనిన బర్రె తొలి రోజుల్లో ఇచ్చే ముర్రుపాలలో మాంసకృత్తులు అధికం కనుక, బెల్లం, మిరియాల పొడి, యాలకులు కలిపి ఆవిరిపై ఉడికిస్తే ఆ పాలు తోడు లేకుండానే గడ్డకడతాయి. ముర్రుపాలలో మామూలు పాలు కలిపే పాళ్లు ఎరిగిన గృహిణుల నేర్పుకు ఈ సీమ చరిత్రలో సంస్థానాల రాజవంశాలతో సమానంగా చోటు దక్కాలి. ఎందుకంటే తొలిపూట పాలను మామూలు పాలతో పలచన చేయకపోతే జున్ను బిరుసెక్కుతుంది.