నల్లనీటి మడుగులలో పచ్చని లోకం

పనికిరాని నేల అని మనిషి తీర్మానించిన చోటనే ప్రకృతి తన అపురూప సంపదను దాచుకోవడం కద్దు. బ్రిటన్ ఉత్తర, పశ్చిమ ప్రాంతాల కొండలమీద పరచుకొని ఉన్న పీట్ భూములు ఇందుకు నిదర్శనం. ఆ చలికి, ఎడతెగని తేమకు అక్కడ స్ఫాగ్నమ్ అనే నాచు దట్టంగా పెరుగుతుంది. చచ్చిన నాచు నీటిలో నానుతూ కూడా పూర్తిగా కుళ్లదు. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున వేల ఏండ్లుగా పేరుకుంటుంది. అదే పీట్. దానిని ఇటుకలవలె కోసి, ఎండబెట్టి, పొయ్యిలో వాడుకోవడం అక్కడివారి పూర్వాచారం.

ఈ నేల నడుమ తేనీటి రంగు మడుగులుంటాయి. ఆ నీటిలో ఆమ్లగుణం హెచ్చు. పోషక లవణాలు బహుస్వల్పం. చూపరికి అది నిర్జీవంగానే తోస్తుంది. కాని పిడికెడు నాచును పిండి, ఆ నీటిచుక్కను సూక్ష్మదర్శిని క్రింద ఉంచితే డెస్మిడ్‌లనే పచ్చని జీవులు కనిపిస్తాయి. ఒకటి నెలవంక, ఒకటి నక్షత్రం, మరొకటి అంచులు చెక్కిన పతకం. పెక్కింటికి నడుమ సన్నని నొక్కు ఉండి, ఒక సగం రెండవదానికి ప్రతిబింబంవలె ఉంటుంది. కణం విడిపోయినప్పుడు ప్రతి సగమూ తనకు లేని సగాన్ని కొత్తగా పెంచుకుంటుంది.

ఇవి జంతువులా, మొక్కలా అన్న వివాదం 19వ శతాబ్దంలో చెలరేగింది. జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎరెన్‌బర్గ్ 1838లో ప్రకటించిన ఉద్గ్రంథంలో వీటిని సూక్ష్మజంతువుల కోవలో చేర్చాడు. కొన్ని మెల్లగా కదలడం ఆ అభిప్రాయానికి బలమిచ్చింది. జాన్ రాల్ఫ్స్ అనే ఆంగ్ల వైద్యుడు దీనిని అంగీకరించలేదు. అనారోగ్యంవల్ల వృత్తి మాని పెన్‌జాన్స్ పట్టణంలో స్థిరపడిన ఈయన, 1848లో బ్రిటిష్ డెస్మిడ్‌లపై సచిత్ర గ్రంథం వెలువరించాడు. గంజిపెట్టిన బట్టమీద అయొడిన్ పడితే నీలిమచ్చ ఏర్పడడం మన ఇండ్లలో ఎరిగినదే. డెస్మిడ్‌ల లోపలి పిండిపదార్థమూ అదేవిధంగా నీలివర్ణం దాలుస్తుంది. ఇటువంటి సాక్ష్యాలతో ఇవి వృక్షకోటికి చెందిన శైవలాలేనన్న సిద్ధాంతం నిలిచింది.

అనంతరం ఈ పనిని తలకెత్తుకున్నవారు తండ్రీకొడుకులు. విలియం వెస్ట్ ఉన్నిమిల్లుల పట్టణమైన బ్రాడ్‌ఫర్డ్‌లో మందుల వ్యాపారి. తరువాత అక్కడి సాంకేతిక కళాశాలలో అధ్యాపకుడు. కుమారుడు జార్జి బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర ఆచార్యుడయ్యాడు. వారి బృహద్గ్రంథం మొదటి సంపుటం 1904లో వెలువడింది. 1907లో కలకత్తా వృక్షోద్యానం వారి ప్రచురణలో బర్మా శైవలాలతో పాటు బెంగాలు, మద్రాసు ప్రాంతాల శైవలాలను కొన్నింటిని కూడా వీరు వర్ణించారు. మన దక్షిణదేశపు నీటిచుక్కలు సైతం ఆ యింటివారి పరిశీలనకు చేరాయన్నమాట! 1914లో తండ్రి, 1919లో నలభై మూడేండ్ల వయసుకే కుమారుడు కన్నుమూశారు. అసంపూర్ణంగా మిగిలిన అయిదవ సంపుటాన్ని నెల్లీ కార్టర్ పూర్తిచేయగా 1923లో అది వెలుగు చూచింది.

ఈ పరిశ్రమకు నేడు కొత్త ప్రయోజనం కలిగింది. సేద్యానికీ, అడవుల పెంపకానికీ కాలువలు త్రవ్వి పీట్ భూములను ఎండగట్టారు; తోటలకోసం పీట్‌ను తవ్వి తరలించారు. ఎరువుల సారం చేరిన మడుగులలో సామాన్యమైన శైవలాలు పెచ్చుపెరిగి, అరుదైన డెస్మిడ్‌లు తొలగిపోతాయి. భూతలంలో నూటికి మూడు వంతులు మాత్రమే ఆక్రమించిన పీట్ భూములు, ప్రపంచపు అడవులన్నింటికంటె ఎక్కువ కర్బనాన్ని నిలువ ఉంచుకున్నాయి. అందుచేత ఇప్పుడు అదే దేశంలో ఆ కాలువలకు అడ్డుకట్టలు వేసి నీటిని మరల నిలుపుతున్నారు. నీరు నిలిచినంతమాత్రాన వెనుకటి జీవసంపద తిరిగి వచ్చిందని చెప్పడానికి వీలులేదు. వెనుక ఏముండేదో తెలిసినప్పుడే ఆ లెక్క తేలుతుంది. ఆ పద్దును నూరేండ్లకు పూర్వమే ఆ మందుల వ్యాపారి, ఆయన కుమారుడు చుక్కచుక్కగా వ్రాసి ఉంచారు.