హైదరాబాద్ కామిక్ కాన్‌కి ఫస్ట్ టైమ్ వెళ్తున్నారా? టికెట్ నుంచి తిరిగొచ్చే దాకా.. ఈ ప్లాన్ ఉండాల్సిందే!

మన దగ్గర ఫ్యాన్స్ ఈవెంట్ అనగానే గుర్తొచ్చేది ప్రీ రిలీజ్ ఫంక్షన్. ఒక స్టేజ్.. ఒక హీరో.. పాస్ దొరికితే లోపలికి, లేకపోతే గేటు బయట. కామిక్ కాన్ మాత్రం అలా ఉండదు. ఇక్కడ ఒకే స్టేజ్, ఒకే హీరో అనేది లేదు. ఓ పక్క స్టాళ్లు, ఇంకో పక్క గేమింగ్, మరోవైపు ఆర్టిస్టుల టేబుళ్లు, మధ్యలో నరుటో, స్పైడర్‌మ్యాన్ వేషాల్లో తిరిగే జనం. దేని కోసం వెళ్తున్నామో ముందే అనుకోకపోతే.. సగం రోజు క్యూలకు, చేతిలో ఉన్న డబ్బంతా మొదటి నాలుగు స్టాళ్లకే అయిపోతుంది. ఫస్ట్ టైమ్ వెళ్లే స్టూడెంట్స్‌కి, పిల్లల్ని తీసుకెళ్లే అమ్మానాన్నలకి పనికొచ్చే పూర్తి వివరాలు ఇవీ..

ఇంతకీ ఈ కామిక్ కాన్ ఎక్కడిది?

కామిక్స్, సినిమాలు, యానిమే, గేమ్స్ ఇష్టపడే వాళ్లంతా ఒకచోట కలిసే జాతర లాంటిదే కామిక్ కాన్. అమెరికాలోని శాన్ డియాగోలో 1970లో ఓ హోటల్‌లో చిన్నగా మొదలైంది. ఇప్పుడు అక్కడికి లక్షకు పైగా జనం వస్తున్నారు. మన దేశంలో జతిన్ వర్మ ఆధ్వర్యంలో 2011 ఫిబ్రవరిలో ఢిల్లీలో మొదటి కామిక్ కాన్ జరిగింది. హైదరాబాద్‌కి 2013లో వచ్చింది. 2024లో కామిక్ కాన్ ఇండియాను నాడ్విన్ గేమింగ్ సంస్థ కొనుగోలు చేసింది. అదే ఏడాది హైదరాబాద్ ఎడిషన్ నవంబర్ 15 నుంచి 17 వరకు హైటెక్స్‌లో జరిగింది. తేదీలు ఏటా మారుతుంటాయి కాబట్టి, అధికారిక ప్రకటన వచ్చాకే మిగతా ప్లాన్ మొదలుపెట్టాలి.

టికెట్.. ఏ రోజుకి తీసుకోవాలి?

సాధారణంగా శుక్ర, శని, ఆదివారాల్లో జరుగుతుంది. ఏ రోజు టికెట్ ఆ రోజుకే. శని, ఆదివారాల్లో రద్దీ ఎక్కువ. స్టాళ్లన్నీ ప్రశాంతంగా చూడాలంటే శుక్రవారం బెటర్. కాస్‌ప్లే సందడి చూడాలంటే మాత్రం వీకెండే. మామూలు టికెట్‌తో పాటు, బొమ్మలు, బ్యాగులు లాంటి గూడీస్ కలిపిన ఖరీదైన టికెట్లు కూడా ఉంటాయి. ఆ వస్తువులు మీకు నిజంగా కావాలా అని ఒక్కసారి ఆలోచించుకుని తీసుకోండి.

టికెట్‌ను అధికారిక వెబ్‌సైట్‌లో, లేదంటే వాళ్లు చెప్పిన యాప్‌లో మాత్రమే కొనాలి. ఈవెంట్ దగ్గర పడేకొద్దీ 'నా దగ్గర ఎక్స్‌ట్రా టికెట్ ఉంది' అంటూ సోషల్ మీడియాలో మెసేజ్‌లు వస్తాయి. ఒకే క్యూఆర్ కోడ్ స్క్రీన్‌షాట్‌ను నలుగురికి అమ్మడం కష్టమేం కాదు. గేటు దగ్గర మొదట స్కాన్ చేయించుకున్న వాళ్లు లోపలికి.. మిగతా ముగ్గురూ బయటే. డబ్బు పంపాక అవతలి నంబర్ స్విచాఫ్ అయితే చేసేదేం ఉండదు.

వేరే ఊరి నుంచి వస్తున్నారా?

రైలు టికెట్‌కి గడువు గుర్తుపెట్టుకోండి. 2024 నవంబర్ 1 నుంచి అడ్వాన్స్ రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. అంటే తేదీలు ప్రకటించిన వెంటనే లెక్క వేసుకుని, బుకింగ్ తెరిచే రోజు రెడీగా ఉండాలి. కార్తీక మాసం, పెళ్లిళ్ల సీజన్‌లో పడితే విజయవాడ, విశాఖ రైళ్లలో వెయిటింగ్ లిస్ట్ తప్పదు.

సికింద్రాబాద్‌లో దిగితే అక్కడి నుంచి మెట్రో బ్లూ లైన్‌లో నేరుగా హైటెక్ సిటీ స్టేషన్‌కి వెళ్లొచ్చు. ఎంజీబీఎస్‌లో బస్సు దిగిన వాళ్లు రెడ్ లైన్ ఎక్కి అమీర్‌పేటలో మారాలి. హైటెక్ సిటీ నుంచి హైటెక్స్‌కి ఆటోలో కొద్ది దూరమే. సొంత కారు, బైక్‌లో వెళ్తే పార్కింగ్ కోసమే చాలా టైమ్ పోతుంది. ఇంకో మాట.. రాత్రి తిరుగు ప్రయాణం ఎలాగో ముందే ఫిక్స్ చేసుకోండి. అందరూ ఒకేసారి బయటకు వచ్చినప్పుడు క్యాబ్ రేట్లు అమాంతం పెరుగుతాయి. ముగింపు సమయానికి అరగంట ముందే బయటపడితే ఆ ఇబ్బంది ఉండదు.

జేబు ఖాళీ కాకుండా..

వెళ్లేటప్పుడే డబ్బును మూడు భాగాలు చేసుకోండి. ప్రయాణానికి ఒకటి, తిండికి ఒకటి, కొనడానికి ఒకటి. మూడో భాగం అయిపోతే మొదటి రెండింటినీ ముట్టుకోకూడదు. ఇంటికి వెళ్లడానికి చార్జీలు లేక ఫ్రెండ్స్‌కి ఫోన్లు చేసే పరిస్థితి చాలామందికి ఇక్కడే వస్తుంది.

హాల్లోకి వెళ్లగానే ఏమీ కొనకుండా ఒక రౌండ్ తిరగండి. ఒకే రకం కీచైన్, ఒకే పోస్టర్ వేర్వేరు స్టాళ్లలో వేర్వేరు రేట్లకు కనిపిస్తాయి. ఒరిజినల్ బొమ్మ అని చెబితే బాక్స్ మీద కంపెనీ పేరు, లైసెన్స్ గుర్తు చూడండి. అయితే ఆర్టిస్ట్ చేతితో సంతకం చేసిన ప్రింట్, తక్కువ కాపీలున్న పుస్తకం లాంటివి నచ్చితే మాత్రం వెంటనే తీసుకోవడం మంచిది. రెండో రౌండ్‌కి ఉండకపోవచ్చు. జనం ఎక్కువైతే లోపల సిగ్నల్ సరిగా అందదు, యూపీఐ పేమెంట్లు ఆగిపోతాయి. కొంత క్యాష్ దగ్గర పెట్టుకోండి.

ఆర్టిస్టుల టేబుళ్లు వదలొద్దు

పెద్ద బ్రాండ్ల స్టాళ్ల ముందు ఉన్నంత రద్దీ ఇక్కడ ఉండదు. కానీ కామిక్ కాన్ అసలు మజా ఇక్కడే ఉంది. సొంతంగా కథ రాసుకుని, బొమ్మలు గీసుకుని, అచ్చు వేయించుకుని వచ్చిన వాళ్లు మీతో నేరుగా మాట్లాడతారు. బొమ్మల కథలు మనకేం కొత్త కాదు. చందమామ 1947 జులైలో తెలుగు, తమిళ భాషల్లో మొదలైంది. ఛోటా భీమ్ పుట్టింది హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్‌లో. బొమ్మలు గీసే అలవాటున్న పిల్లలుంటే వాళ్ల స్కెచ్ బుక్ తీసుకెళ్లండి. రద్దీ లేని టైమ్‌లో చూపిస్తే నాలుగు మంచి మాటలు చెప్పే వాళ్లు ఉంటారు. అన్నట్టు.. చేతితో గీసిన ప్రింట్ దగ్గర కూరగాయల బేరం ఆడకండి. ఆ టేబుల్ అద్దె కూడా వాళ్లు ఆ అమ్మకాల్లోంచే తీసుకోవాలి.

కాస్‌ప్లే చేస్తారా? ఇవి చూసుకోండి

ఇష్టమైన పాత్రలా వేషం కట్టడమే కాస్‌ప్లే. 1939లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి వరల్డ్ సైన్స్ ఫిక్షన్ కన్వెన్షన్‌కే ఫారెస్ట్ అకర్‌మన్, మిర్టిల్ డగ్లస్ అనే ఇద్దరు అభిమానులు భవిష్యత్తు కాలం మనుషుల్లా దుస్తులు వేసుకుని వచ్చారు. కాస్‌ప్లే అనే పేరు మాత్రం 1980ల్లో జపాన్‌కి చెందిన నొబుయుకి తకహాషి పెట్టింది.

వేలు పోసి కొనక్కర్లేదు. ఫోమ్ షీట్లు, గ్లూ గన్, స్ప్రే పెయింట్‌తో కవచాలు, కత్తులు ఇంట్లోనే చేసుకోవచ్చు. పెయింట్ కొట్టేటప్పుడు కిటికీలు తెరిచి, మాస్క్ పెట్టుకోవాలి. నిజమైన కత్తులు, పదునైన లోహపు వస్తువులు గేటు దగ్గరే ఆపేస్తారు. ఏవి అనుమతిస్తారో ఆ ఏడాది రూల్స్ చదివాకే తయారీ మొదలుపెట్టండి. ఈవెంట్‌కి వారం ముందే మొత్తం వేషం వేసుకుని ఇంట్లో రెండు గంటలు తిరిగి చూడండి. కూర్చోగలుగుతున్నారా? మెట్లు ఎక్కగలుగుతున్నారా? బాత్‌రూమ్‌కి వెళ్లగలరా? ఈ మూడింటికీ అవును అనిపిస్తేనే రెడీ అయినట్టు. బ్యాగులో గ్లూ, సేఫ్టీ పిన్నులు, మెత్తని చెప్పులు పెట్టుకోండి. హెల్మెట్, కవచం వేసుకుంటే చెమట బాగా పడుతుంది. గంటకోసారి హెల్మెట్ తీసి నీళ్లు తాగండి.

రీల్ తీసే ముందు.. ఒక్క మాట అడగండి

వేషం వేసుకుని వచ్చారంటే ఎవరైనా ఎలాగైనా ఫొటో తీసుకోవచ్చని కాదు. కాస్‌ప్లే చేసిన అమ్మాయిల్ని వెనక నుంచి వీడియో తీయడం, భుజం మీద చెయ్యి వేయడం, నచ్చిన చోట జూమ్ చేసి రీల్ పెట్టడం.. ఇవన్నీ వేధింపులే. 2014లో న్యూయార్క్ కామిక్ కాన్‌లో 'కాస్‌ప్లే అంటే సమ్మతి కాదు' అని బోర్డులే పెట్టారు. రూల్ సింపుల్. ముందు అడగాలి.. ఓకే అంటేనే తీయాలి.. వద్దంటే సారీ చెప్పి పక్కకు వెళ్లాలి. తింటున్నప్పుడు, వేషం సరిచేసుకుంటున్నప్పుడు అసలు అడగొద్దు. పిల్లలైతే తల్లిదండ్రుల్ని అడగాలి.

ఎవరైనా ఇబ్బంది పెడితే దగ్గర్లోని వాలంటీర్‌కో, సెక్యూరిటీకో వెంటనే చెప్పండి. 100 లేదా 112కి ఫోన్ చేయొచ్చు. తెలంగాణలో 2014 నుంచి షీ టీమ్స్ ఇలాంటి వేధింపుల మీదే పనిచేస్తున్నాయి. 'చిన్న విషయమే కదా' అని వదిలేస్తే అదే వ్యక్తి ఇంకొకరి వెంట పడతాడు.

గుంపులో ప్రాణం ముఖ్యం

2024 డిసెంబర్ 4 రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర 'పుష్ప 2' ప్రీమియర్ సమయంలో జరిగిన తొక్కిసలాట మనం మర్చిపోలేం. సినిమా చూద్దామని కుటుంబంతో వచ్చిన ఓ మహిళ ప్రాణాలు కోల్పోయింది. కన్వెన్షన్ హాల్ అంత ఇరుకు కాకపోయినా, గెస్ట్ స్టేజ్ మీదకు వచ్చే టైమ్‌లో ఒక్కసారిగా జనం ముందుకు తోసుకొస్తారు. అందుకే..

లోపలికి వెళ్లగానే మీరు వచ్చిన దారి కాకుండా ఇంకో ఎగ్జిట్ ఎక్కడుందో చూసుకోండి.

పిల్లల చేతి మీద మీ ఫోన్ నంబర్ పెన్నుతో రాయండి. తప్పిపోతే ఎక్కడ నిలబడాలో ఒక చోటు చూపించండి. లోపలికి వెళ్లే ముందే వాళ్ల ఫొటో ఒకటి తీసుకోండి. ఏ రంగు డ్రెస్ అని అడిగితే కంగారులో గుర్తురాదు.

గుంపు నెట్టడం మొదలైతే ఎదురు నెట్టొద్దు. రెండు చేతులూ ఛాతీ ముందు పెట్టుకుని ఊపిరికి చోటు ఉంచుకోండి. తోపు కాస్త తగ్గినప్పుడల్లా పక్కకు ఏటవాలుగా కదులుతూ అంచుకు రండి. ఫోన్ కింద పడితే వంగొద్దు. ఫోన్ మళ్లీ కొనుక్కోవచ్చు.

చిన్న పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే స్టేజ్ ముందు కాకుండా వెనక వరుసలోనే ఉండండి. కనిపించకపోయినా పర్లేదు, వీడియో సాయంత్రానికి ఎలాగూ వచ్చేస్తుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి..

2023 జులై 20న శాన్ డియాగో కామిక్ కాన్‌లోనే ప్రభాస్ 'ప్రాజెక్ట్ కె'కి 'కల్కి 2898 ఏడీ' అనే పేరు ప్రకటించారు. ప్రభాస్, కమల్ హాసన్, రానా, దర్శకుడు నాగ్ అశ్విన్ అక్కడికి వెళ్లారు. అప్పటి నుంచి ఆ ఈవెంట్‌కి వెళ్లాలనుకునే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. కానీ అక్కడ గేటు దగ్గర టికెట్ దొరకదు. ముందుగా మెంబర్ ఐడీ తీసుకుని, ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ రోజున వెయిటింగ్ రూమ్‌లో ఉండాలి. అదృష్టం ఉంటేనే బ్యాడ్జ్ దొరుకుతుంది. అది చేతికొచ్చాకే ఫ్లైట్, హోటల్ బుక్ చేసుకోవడం మంచిది.

ముందు రోజు రాత్రి చెక్ లిస్ట్

టికెట్ ఫోన్‌లో డౌన్‌లోడ్ చేశారా? ఐడీ కార్డ్, పవర్ బ్యాంక్, నీళ్ల సీసా, రోజూ వేసుకునే మందులు, కొంత క్యాష్, ప్రింట్లు మడత పడకుండా పెట్టుకోవడానికి ఒక గట్టి ఫైల్ సర్దుకున్నారా? కచ్చితంగా చూడాల్సినవి మూడే మూడు రాసుకున్నారా? ఆ మూడూ అయితే చాలు, రోజు సక్సెస్ అయినట్టే. నాలుగోది కనిపిస్తే బోనస్. ఇక కొత్త చెప్పులు మాత్రం వేసుకోకండి.. పొద్దుటి నుంచి రాత్రి దాకా నడకే నడక!