బడి, ఆట చేయి కలిపిన కాలం : రహీం సాబ్ చూపిన బాట

మన పాతబస్తీలో పిల్లవాడు సాయంత్రం బంతి పట్టుకుని గల్లీలోకి పోతే "చదువు పాడైపోతోంది" అని పెద్దలు కోప్పడటం మామూలే. బడి వేరు, ఆట వేరు అనే భావం మనలో పాతుకుపోయింది. కాని ఈ రెండూ కలిసి నడచిన కాలం ఒకటి మన నగర చరిత్రలోనే ఉన్నది. దానిని మనం జ్ఞాపకం చేసుకోవటం అవసరం.

1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీం గారిని లోకం ఫుట్‌బాల్ కోచ్‌గానే ఎరుగును. అయితే ఆయన మొదట బడిపంతులు. ఉస్మానియాలో బి.ఏ. చదివి, కాచిగూడ మిడిల్ స్కూలులోనూ ఉర్దూ షరీఫ్ స్కూలులోనూ పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో ఆటల బాధ్యత వహించారు. 1940ల దశకం మొదట్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయినారు. అంటే, బడిపిల్లల సంగతి తెలిసిన మనిషి చేతికే నగరంలోని క్లబ్బుల వ్యవహారం వచ్చిందన్న మాట.

ఆయన పెట్టిన పోటీలు చూడండి. ఒకదానిలో బంతిని కాళ్ల దగ్గర అట్టిపెట్టుకోకుండా వెంటనే తోటివాడికి అందించాలి. ఇంకొకదానిలో అలవాటు లేని కాలితోనే ఆడాలి. పిల్లవాడు ఏ లెక్కలో తప్పుతున్నాడో చూసి అదే లెక్క మళ్లీ మళ్లీ చేయించే మాస్టారి పద్ధతి ఇది.

1948 తర్వాత మనవాళ్లలో ఎంత దిగులు ఉండేదో పెద్దలకు తెలుసు. అటువంటి రోజుల్లో ఆయన తర్ఫీదు చేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగా భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఏషియన్ గేమ్స్ స్వర్ణం సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. ఆ ఒలింపిక్ జట్టులో మన అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ గార్లతో భుజం కలిపి సికింద్రాబాదు వైపు అమ్ముగూడ బిడ్డ తులసీదాస్ బలరాం ఆడినారు. మతం, భాష అడ్డు రాలేదు.

క్యాన్సర్‌తో బాధపడుతూనే జకార్తాకు జట్టును నడిపించిన రహీం సాబ్ 1963 జూన్ 11న కన్నుమూశారు. తరువాత కూడా నయీముద్దీన్, షబ్బీర్ అలీ వంటివారు మన నగరం పేరు నిలిపారు. కాని ఆనాటి వెలుగు క్రమంగా తగ్గింది. 2024లో 'మైదాన్' అనే హిందీ చిత్రం వచ్చాక మళ్లీ అందరూ ఆయన పేరు తలిచారు.

పేరు తలిస్తే చాలదు. సంక్షేమ సంఘాలు పుస్తకాలు, ఫీజులు ఇస్తున్నాయి, సంతోషం. వాటితోపాటు మొహల్లా యువకులు, హెడ్మాస్టర్లు ఒకచోట కూర్చోవాలి. సాయంత్రం పూట బడి మైదానం తెరిపించాలి. చదువుకున్న కుర్రవాడొకడు పిల్లల ఆటనూ, హోంవర్కునూ రెండూ కనిపెట్టి ఉండాలి. రహీం సాబ్ ఆరంభం కూడా ఇటువంటి బడి మైదానంలోనే జరిగిందని మనం మరువరాదు.