కత్తి ఎక్కడ పెట్టాలి

జహీరాబాద్. ఎగుమతికి పోయే బర్రెమాంసం కబేళా. తెల్లకోటు, రబ్బరు బూట్లు వేసుకుని మీరు లైను పక్కన నిలబడ్డారు. పైన పట్టా మీద కొక్కేలు కదులుతున్నాయి. ఒక్కో కొక్కేనికి ఒక కళేబరం. నేలంతా తడి, ఆవిరి, పచ్చిమాంసం వాసన.

పశువైద్యుడు దవడ కండరాన్ని కోసి విప్పుతాడు. బద్దెపురుగు తిత్తులున్నాయేమోనని చూసి, కత్తిని 82 డిగ్రీల నీళ్లలో ముంచి, ఇంకో కత్తి అందుకుంటాడు. ఊపిరితిత్తులను అరచేత్తో నొక్కి తడుముతాడు. గడ్డ తగిలితే లింఫు గ్రంథిని కోస్తాడు. క్షయ దాక్కునేది అక్కడే. కార్జంలో పిత్తనాళం కోయగానే ఆకులాంటి జలగ ఒకటి జారి బయటపడింది.

"గిది సూడుండ్రి సార్," అన్నాడు సహాయకుడు.

జబ్బుపడ్డ భాగం కోసేస్తే చాలంటాడు ఈ డాక్టరు. పక్కనున్నాయన కార్జం మొత్తం పారెయ్యమంటాడు. ఇద్దరూ చదువుకున్నవాళ్లే. తేడా చదువులో కాదు, వెలుతురులో, వేగంలో, అలసటలో ఉందని నాకనిపిస్తుంది. తనిఖీ చోట చాలినంత వెలుగుండాలని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల కోడెక్స్ నియమావళిలో పెట్టింది ఊరికే కాదు. మన 2001 కబేళా నియమాల ప్రకారం కోతకు ముందు ఒక డాక్టరు గంటకు 12 పశువులకు మించి, రోజుకు 96కు మించి చూడకూడదు. అంటే ఒక్కోదానికి అయిదు నిమిషాలు. కోత తర్వాతి చూపుకూ అంత తీరిక దొరకాలి కదా. ఏ గ్రంథి ముందు, ఎన్ని గాట్లు, ఎంత జబ్బుంటే ఎంత పారెయ్యాలో రాసి గోడకు అతికించాలి. ఇద్దరి లెక్కలూ వారం వారం పక్కపక్కన పెట్టి చూడాలి.

అసలు కత్తే వద్దనే వాదనా ఉంది. ఐరోపాలో 2014 నుంచి పందుల తనిఖీ చాలావరకు కంటిచూపుతోనే సాగుతోంది. కత్తి పెడితే సాల్మొనెల్లా ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుతుందని వాళ్ల భయం. కొట్టం దాటని పందులకు అది సరే. మన వీధుల్లో తిరిగే పంది కండలో బద్దెపురుగు తిత్తులుండొచ్చు, పైచూపుకు అవి దొరకవు. ఆ పురుగు గుడ్లు మనిషి కడుపులోకి పోతే తిత్తులు మెదడుకెక్కి మూర్ఛలు తెస్తాయి. ఇక్కడ కత్తి మానేద్దామంటే నేనొప్పుకోను.

ఇక మన బర్రెమాంసానికే వద్దాం, చల్లగదిలోకి రండి. గాలికుంటు వైరస్ చావాలంటే మాంసం 2 డిగ్రీలపైన 24 గంటలు మాగాలి, పీహెచ్ 6 కంటే కిందికి దిగాలి. వెన్ను కండలో మీటరు గుచ్చారు: 5.7. ఈ కళేబరం ఎముకలు తీసే బల్లకు పోతుంది.