బాసికం వెనక అట్ట

పెళ్లి ముహూర్తాలు మొదలయ్యాయంటే తణుకు బజారులో ఫ్యాన్సీ కొట్ల నిండా బాసికాలే. ఎర్ర వెల్వెట్టు, చుట్టూ బంగారు జరీ, మధ్యలో పచ్చరాయి, అంచున ముత్యాల వరస. ఒకటి చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి చూడండి. బూడిదరంగు అట్ట కనిపిస్తుంది. మూల దగ్గర గోటితో గీకితే పొరలు పొరలుగా లేస్తుంది. ఎవరో కాటాకి అమ్మేసిన దినపత్రికలు, పిల్లలు రాసి పడేసిన నోటుపుస్తకాలు, చిరిగిన పెట్టెలు నానబెట్టి, రుబ్బి, పరిచి, ఆరబెడితే తయారైన అట్ట అది. పెళ్లికొడుకు నుదుట, పెళ్లికూతురు నుదుట మనం కట్టేది ఆ చిత్తుకాగితాన్నే.

అట్టముక్కను ఆకారంగా కత్తిరించి, దానిమీద గుడ్డ, కాగితం, సుద్ద, రాళ్లు, దారం ఒకదానిమీద ఒకటి పేర్చి అలంకరించే పనిని ఇప్పుడు మిక్స్‌డ్ మీడియా క్రాఫ్ట్ అంటున్నారు. పువ్వులు, అక్షరాలు, చట్రాలు ముందే కోసిపెట్టిన చిప్‌బోర్డు అట్ట ముక్కలు, సీసాల్లో జెస్సో అనే సుద్దపూత, గరుకుతనానికి టెక్స్చర్ పేస్టు కలిపి ఆన్‌లైన్లో కిట్లుగా అమ్ముతున్నారు. విదేశం నుంచి దిగిన కొత్త సరదా అని కొనేవాళ్లూ అనుకుంటున్నారు. పేరు కొత్తదే. పని మాత్రం మన ఇళ్లల్లో ఎప్పటినుంచో ఉంది.

ముందు అట్ట సంగతి చూద్దాం. యూరప్‌లో కాగితం చాలాకాలం పాతగుడ్డలతోనే తయారయ్యేది. పద్దెనిమిదో శతాబ్దం చివరికి గుడ్డలకి కరువొచ్చింది. అప్పుడు లండన్‌లో మత్తయాస్ కూప్స్ అనే ఆయన గడ్డితో కాగితం చేసి, 1800లో ఆ గడ్డికాగితం మీదే ఒక పుస్తకం అచ్చువేయించి చూపించాడు. అచ్చయిన కాగితంలోంచి సిరా వదలగొట్టి మళ్లీ కాగితం చేసే పద్ధతి కూడా ఆయనదే. వ్యాపారం మాత్రం నిలవలేదు, కొద్దికాలానికే దివాలా తీశాడు. కానీ ఆ దారిలో వచ్చిన గడ్డి అట్ట నిలబడింది. గడ్డిని సున్నంతో ఉడికించి, మెత్తగా చేసి, పసుపుపచ్చని మందపాటి అట్టలు తీసేవారు. మన బైండింగు షాపుల్లో ఇప్పటికీ వినిపించే ‘స్ట్రాబోర్డు’ అదే. లోపల గడ్డి పోయి చిత్తుకాగితం వచ్చినా పేరు మారలేదు. ఔన్సుల లెక్కన మందం చెప్పే అలవాటూ పోలేదు.

అట్టలో పొరలుండటానికి కారణం యంత్రం. 1809లో జాన్ డికిన్సన్ అనే ఇంగ్లీషువాడు తిరిగే జల్లెడ డ్రమ్ముకి పేటెంటు తీసుకున్నాడు. కాగితపు గుజ్జు ఉన్న తొట్టిలో డ్రమ్ము తిరుగుతుంటే దానిమీద పల్చటి తడిపొర పేరుకుంటుంది. అలాంటి తొట్లు వరసగా పెట్టి, ఒక్కోదాని పొరనీ ముందుదాని మీద ఎక్కించి అదిమితే అట్ట. పైపొరకి తెల్లగుజ్జు వాడితే స్వీట్ల పెట్టెకి పనికొచ్చే డూప్లెక్స్ బోర్డు. అన్ని పొరలకీ చిత్తుగుజ్జే వాడితే బూడిద అట్ట. అలంకరణలో పొరలు వేయడం తర్వాతి మాట, అట్టే ఒక పొరల పని.

మన గోదావరి జిల్లాల్లో ఈ సరుకుకి లోటేముంది? రాజమండ్రిలో 1924లో కర్నాటిక్ పేపర్ మిల్లుగా మొదలైనది ఎన్నో చేతులు మారి ఈరోజు ఆంధ్రా పేపర్ అయింది. ఒకప్పటి వెదురు పోయి ఇప్పుడు సరుగుడు, సుబాబుల్ కర్ర దానికి మేత. తణుకులో 1947లో ఆంధ్రా షుగర్స్ పెట్టాక చుట్టుపక్కల చెరుకు బళ్ల బారులు, ఫ్యాక్టరీలో పిప్పి గుట్టలు మొదలయ్యాయి. చక్కెర మిల్లులు పిప్పిని ఎక్కువగా బాయిలర్లకే తగలేస్తాయి గానీ, దాంతో మంచి కాగితం వస్తుంది. తమిళనాడు ప్రభుత్వం పుగళూరులో 1980ల నుంచి చేస్తున్నది ఆ పనే. ఇక తణుకు అంటే కోళ్లఫారాలు కూడా. ఇక్కడ ‘ఒక అట్ట గుడ్లు’ అంటే ముప్ఫై, మళ్లీ లెక్కపెట్టక్కర్లేదు. చిత్తుకాగితపు గుజ్జుని అచ్చులోకి పీల్చి ఆరబెట్టిన ఆ ట్రేకి తాతలాంటిది 1911లో కెనడాలో పుట్టింది. గుడ్లు పగులుతున్నాయని రైతుకీ హోటలువాడికీ తగువు పడుతుంటే జోసెఫ్ కోయిల్ అనే పత్రికాయన గుడ్డుకో గూడు ఉండే కాగితం పెట్టె కనిపెట్టాడు. ఈ ట్రే గుంటలని కత్తిరించి రంగులేసి పువ్వులు చేయని స్కూలు పిల్లాడు తణుకు చుట్టుపక్కల ఉండడనుకుంటా. గరుకుతనం కోసం క్రాఫ్టు కిట్లో డబ్బు పోసి కొనే పేస్టు పనిని ఆ ట్రే ఊరికే చేసిపెడుతుంది.

మరి అట్ట రాకముందు బాసికం దేంతో చేసేవారు? జీలుగు బెండుతో. జీలుగు బురదనేలల్లో, నిలవనీళ్లలో పెరిగే మొక్క. కాండం లోపలి బెండు పాలతెలుపు, దూదంత తేలిక. పదునైన కత్తితో చెక్కితే కాగితం లాంటి రేకులు వస్తాయి. తెల్లదొరలు ఎండకి పెట్టుకున్న సోలా టోపీ ఈ బెండుదే. బెంగాలీ పెళ్లికొడుకు కిరీటమూ దీంతోనే. బాసికాన్ని తెలంగాణలో బాసింగం అంటారు, కన్నడిగులకి బాసింగ, మరాఠీల్లో బాశింగ్. నుదుటిమీద తేలిగ్గా ఉండాలి, చెమటకి కరగకూడదు, రంగు పట్టాలి కాబట్టి బెండు సరిపోయింది. దానిమీద బేగడ రేకు, కాకిబంగారం, పూసలు. కొన్ని ఇళ్లల్లో బియ్యపుగింజలు ఒక్కొక్కటే అంటించిన బాసికాలు కడతారు. నీళ్లల్లో దిగి బెండు కోసుకొచ్చే వాళ్లు తగ్గారు, అట్ట చవకైంది, బెండు జాగాలోకి అట్ట వచ్చింది. అందం సంగతికొస్తే బెండుదే పైచెయ్యి అంటాను. అట్ట ఎంత అలంకరించినా అంచు దగ్గర మొద్దుగానే ఉంటుంది.

పొరలమీద పొరలేసే విద్యలో మనవాళ్లు ఎంత దూరం వెళ్లారో చూడాలంటే తంజావూరు వెళ్లాలి. తమిళదేశమే అయినా తంజావూరు పటాలు వేసిన, ‘రాజులు’ అని పిలిచే చిత్రకారుల ఇంటిభాష తెలుగు. విజయనగరం, నాయకరాజుల కాలంలో ఇక్కణ్ణుంచి వెళ్లిన కుటుంబాలవి. మరాఠా ప్రభువుల పోషణలో వాళ్ల శైలి స్థిరపడింది. పనసచెక్క పలక, దానిమీద అట్ట, అట్టమీద గుడ్డ. గుడ్డకి సుద్ద, జిగురు కలిపిన పూత వేసి నున్నగా నూరతారు. నగలు, స్తంభాలు, తోరణాలు వచ్చేచోట సుద్దముద్దని కుంచెతో కొంచెం కొంచెం పోసి ఉబ్బెత్తు చేస్తారు. అది ఆరాక గాజురాళ్లు పొదిగి, బంగారు రేకు పరిచి, ఉబ్బులు తేలేలా వేలితో అదుముతారు. రంగులు ఆఖరున. జెస్సో, టెక్స్చర్ పేస్టు, ఫాయిల్, జెమ్‌స్టోన్ అని కిట్టు డబ్బా మీద రాసి ఉన్నవన్నీ ఇందులో ఉన్నాయి. ఈ పటాలకి 2007-08లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఇంత ఖరీదు పెట్టలేని ఇళ్లకి మరో దారి దొరికింది. 1894లో చిత్రకారుడు రవివర్మ బొంబాయిలో ప్రెస్సు పెట్టాక లక్ష్మీ సరస్వతులు అచ్చుబొమ్మలుగా ఊరూరా చేరారు. కొన్నవాళ్లు ఊరికే గోడకి తగిలించలేదు. బొమ్మలో చీర ఉన్నచోట నిజం పట్టుగుడ్డ అంటించారు, అంచుకి జరీ కుట్టారు, హారంలో పూసలు, కిరీటంలో చమ్కీలు అద్దారు. వెనక అట్ట, ముందు అద్దం. దక్షిణాదిన పాత ఇళ్ల పూజగదుల్లో ఇలాంటి పటాలు ఇంకా ఉన్నాయి. చేసినవాళ్లు ఎక్కువగా ఇంటి ఆడవాళ్లే. ఎవరూ సంతకం పెట్టలేదు.

పడమటి దేశాల్లోనూ ఈ పని ఎక్కువగా ఆడవాళ్ల చేతుల్లోనే పెరిగింది. ఇంగ్లండులో మేరీ డిలేనీ అనే ఆవిడ డెబ్బై దాటాక 1772 ప్రాంతంలో కత్తెర పట్టి, రంగుకాగితాల తుంపులు నల్లకాగితం మీద పేర్చి దాదాపు వెయ్యి పువ్వులు చేసింది. అవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అమెరికాలో రచయిత మార్క్ ట్వేన్ 1873లో జిగురు ముందే పూసిన స్క్రాప్‌బుక్కుకి పేటెంటు తీసుకున్నాడు. 1912లో చిత్రకారులు పికాసో, బ్రాక్ గోడకాగితం, నూనెగుడ్డ బొమ్మల్లో అంటించినప్పుడు గానీ లోకం దాన్ని కళ అనలేదు. పూజగదిలో చీర అంటించినావిడకి అప్పటికే ఆ సంగతి తెలుసు.

పని మొదలుపెట్టేవాళ్లకి కిట్టు కంటే బైండింగు షాపాయన దగ్గర ఎక్కువ విద్య దొరుకుతుంది. అట్టకి వాలు ఉంటుంది. యంత్రం నడిచిన దిక్కుగా పీచు పడుకుంటుంది. ఆ వాలున అట్ట సులువుగా వంగుతుంది, అడ్డంగా వంచబోతే ఎదురుతిరుగుతుంది. ఒకవైపే కాగితం అంటిస్తే, తడికి సాగిన కాగితం ఆరుతూ బిగుసుకుని అట్టని తనవైపు లాగేస్తుంది. పొద్దున్న పలకలా ఉన్నది సాయంత్రానికి దొన్నెలా లేస్తుంది. అందుకే బైండరు రెండోవైపు కూడా కాగితం వేసి, బరువుకింద పెట్టి ఆరనిస్తాడు. మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలుపుతాడు, లేకపోతే బొద్దింకలకీ రామబాణం పురుగులకీ విందే. మైలుతుత్తం విషం కాబట్టి పిల్లలు కూర్చునే చోట దాన్ని వాడకపోవడం మంచిది. కాలువల పక్క ఊళ్లలో వర్షాకాలం గాలికే అట్ట చెమ్మ పట్టి పొరలు విడుతుంది. ఆ నెలల్లో ఏది చేసినా పైన ఒక చేయి వార్నిషు వేయాల్సిందే. అట్ట కూడా బైండింగు షాపులోనే అడగండి: పుస్తకాలు కోయగా మిగిలిన ముక్కలు చాలామంది ఊరికే ఇచ్చేస్తారు.

మీ ఇంట్లో గుడ్డ, పూసలు అంటించిన పాత పటం ఉంటే, రంగు వెలిసిందని తీసి పారేయకండి. అయితే దాని వెనక అట్ట మాత్రం మార్పించండి. చిత్తుకాగితం అట్టలో ఆమ్లం ఉంటుంది, ఏళ్ల తరబడి తాకుతూ ఉంటే ముందున్న కాగితాన్ని గోధుమరంగుకి తిప్పి పెళుసు చేస్తుంది. ఫ్రేము కట్టేవాణ్ని ఆమ్లం లేని బోర్డు వేయమని అడగండి. నాలుగు డబ్బులు ఎక్కువైనా బొమ్మ మిగులుతుంది.